మీటర్‌లో కనిపిస్తున్న కరెంట్ ఫిల్మ్‌దేనా? రేడియేషన్ డిటెక్టర్ కోసం వేసిన థిన్ ఫిల్మ్‌ను కొలిచే పద్ధతి

గాజు మీద క్యాడ్మియం టెల్యురైడ్ ఫిల్మ్ వేశారు, పైన బంగారం కాంటాక్టులు పెట్టారు. ఇప్పుడు దాని రెసిస్టివిటీ ఎంతో, క్యారియర్లు (కరెంట్ మోసే ఎలక్ట్రాన్లు, ఎలక్ట్రాన్ ఖాళీ చేసిన చోట్లయిన హోల్‌లు) ట్రాప్‌లో (వాటిని పట్టి ఆపే లోపంలో) పడకుండా ఎంత దూరం పోగలవో, రేపు దాని మీద ఆల్ఫా కణం పడితే పల్స్ వస్తుందో రాదో తేల్చాలి. కొలవడం పెద్ద పని కాదు, ఎలక్ట్రోమీటర్‌కు ఏది తగిలించినా ఏదో ఒక నంబర్ చూపిస్తుంది. ఆ నంబర్ ఎవరిదన్నదే తలనొప్పి. కేబుల్‌దా, గాజుదా, గాలిలో తేమదా, కాంటాక్ట్‌దా, ఎవరో తలుపు తీసినప్పుడు పడిన వెలుతురుదా, లేక నిజంగా ఫిల్మ్‌దేనా? అందుకే ఈ వరుస పాటించండి: ఫిల్మ్ కానివన్నీ ముందు కొలవండి, ఫిల్మ్‌ను ఆఖర్న కొలవండి.

ఉదాహరణ మొత్తం క్యాడ్మియం టెల్యురైడ్ మీదే చెబుతాను. లెడ్ అయొడైడ్, అమార్ఫస్ సెలీనియం, పెరోవ్‌స్కైట్, మీ చేతిలో ఏది ఉన్నా పద్ధతి దాదాపు ఇదే, అంకెలే మారతాయి.

లెక్క ముందు, వైరింగ్ తర్వాత

మీటర్ ఆన్ చేసే ముందు ఒక కాగితం మీద ఎంత కరెంట్ రావాలో వేసుకోండి. క్యాడ్మియం టెల్యురైడ్ ఫిల్మ్‌ల రెసిస్టివిటీ వేసిన పద్ధతిని బట్టి బాగా మారుతుంది, మనం 10⁸ ఓమ్-సెం.మీ. అనుకుందాం. మందం 1 మైక్రాన్. అంటే షీట్ రెసిస్టెన్స్ (రెసిస్టివిటీని మందంతో భాగిస్తే వచ్చేది) 10¹² ఓమ్‌లు. రెండు కాంటాక్టుల మధ్య ఖాళీ 1 మి.మీ., కాంటాక్ట్ వెడల్పు 10 మి.మీ. అయితే రెసిస్టెన్స్ 10¹¹ ఓమ్‌లు. 10 వోల్టులు ఇస్తే వచ్చేది 100 పికోయాంపులు.

ఈ ఒక్క లెక్కతో సగం నిర్ణయాలు అయిపోతాయి. మామూలు మల్టీమీటర్ పనికిరాదు. కీత్లీ 2400 లాంటి సోర్స్‌మీటర్‌లో అతి చిన్న రేంజ్ 1 మైక్రోయాంప్, రిజల్యూషన్ 10 పికోయాంపులు, కాబట్టి అది అంచున నిలుస్తుంది. కీత్లీ 6517బి లాంటి ఎలక్ట్రోమీటర్ కావాలి, అందులో 1000 వోల్టుల సోర్స్ కూడా లోపలే ఉంటుంది. డిపార్ట్‌మెంట్‌లో అది వేరే గ్రూప్ దగ్గర ఉంటే వెళ్లి అడగండి, మొహమాటపడి సోర్స్‌మీటర్‌తో సరిపెట్టుకోకండి.

చాలా కాలేజీ ల్యాబుల్లో జెర్మేనియం ప్రయోగం కోసం ఫోర్ ప్రోబ్ కిట్ ఉంటుంది. దాన్ని ఈ ఫిల్మ్ మీద పెట్టకండి. నాలుగు ప్రోబ్‌ల పద్ధతి గొప్పదే, కాంటాక్ట్ రెసిస్టెన్స్‌ను పక్కకు తప్పిస్తుంది, కానీ లోపలి రెండు ప్రోబ్‌ల మధ్య వోల్టేజ్ చదివే మీటర్ ఇన్‌పుట్ రెసిస్టెన్స్ ఫిల్మ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి. 10 మెగాఓమ్‌ల వోల్ట్‌మీటర్‌ను 10¹¹ ఓమ్‌ల ఫిల్మ్‌కు తగిలిస్తే మీరు కొలిచేది ఆ వోల్ట్‌మీటర్‌నే. ఎలక్ట్రోమీటర్‌తో వోల్టేజ్ చదివినా, కేబుల్ కెపాసిటెన్స్ 100 పికోఫారడ్లు ఉంటే ఆర్‌సీ టైమ్ 10 సెకన్లు, అంటే ఒక్కో పాయింట్‌కు నిమిషం ఆగాలి. 1958లో వాన్ డెర్ పావ్ ఇచ్చిన పద్ధతి (శాంపిల్ అంచున నాలుగు కాంటాక్టులు పెట్టి కొలవడం) కూడా అంతే. షీట్ రెసిస్టెన్స్ 10⁸, 10⁹ దాకా హాయిగా వాడండి, ఆపైన వోల్టేజ్ ఇచ్చి కరెంట్ చదవడమే మేలు.

మందం గురించి ఒక మాట, ఎందుకంటే ఇది తెలియకుండా కొలతలన్నీ పూర్తి చేసి చివర్లో గామా సోర్స్ పెట్టి ఏమీ రావట్లేదని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. అమెరీషియం-241 నుంచి వచ్చే 59.5 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ గామాలు క్యాడ్మియం టెల్యురైడ్‌లో దాదాపు పావు మిల్లీమీటరు పోతే గానీ మూడో వంతుకు తగ్గవు. 5 మైక్రాన్ల ఫిల్మ్‌లో నూటికి రెండు కూడా ఆగవు. మామోగ్రఫీ ప్యానెళ్లలో అమార్ఫస్ సెలీనియం పొర 200 మైక్రాన్ల మందం ఉండేది ఇందుకే. పలుచని ఫిల్మ్‌కు సరిపోయే పని ఆల్ఫాలు, లేదా పైన బోరాన్-10 పొర వేసి న్యూట్రాన్లు. బోరాన్‌లో న్యూట్రాన్ పట్టుబడితే ఎక్కువ సార్లు 1.47 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్ ఆల్ఫా, 0.84 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్ లిథియం అయాన్ వస్తాయి. ఆ రెండూ కొన్ని మైక్రాన్లలోనే ఆగిపోతాయి, ఫిల్మ్ పలుచగా ఉంటే బ్యాక్‌గ్రౌండ్ గామాలు పెద్దగా అడ్డు రావు. కాబట్టి ఫిల్మ్ వేసే ముందే దేనికోసమో తేల్చుకోండి.

గాజు, కాంటాక్టులు

రెండు రకాల శాంపిళ్లు చేయండి. ఒకటి అడ్డంగా కొలవడానికి: మామూలు గాజు, దాని మీద ఫిల్మ్, పైన రెండు కాంటాక్టులు పక్కపక్కన. రెండోది నిలువుగా: కింద ఐటీఓ (కరెంట్ పోనిచ్చే పారదర్శక ఆక్సైడ్ పొర) లేదా మెటల్, మధ్యలో ఫిల్మ్, పైన చుక్కలు. డిటెక్టర్ పనిచేసేది నిలువుగానే. అడ్డంగా పోయే కరెంట్ ఎన్నో గ్రెయిన్ బౌండరీలు (ఫిల్మ్‌లోని చిన్న స్ఫటికాల మధ్య సరిహద్దులు) దాటాలి, నిలువుగా పోయేది ఒకే గ్రెయిన్ పొడుగునా కింది నుంచి పైకి పోవచ్చు. అందుకే రెండు రెసిస్టివిటీలు కలవవు, కలవాలని చూడకండి కూడా. అడ్డంగా కొలిచిన మొబిలిటీ (ఫీల్డ్‌లో క్యారియర్లు ఎంత సులువుగా కదులుతాయో చెప్పే అంకె) తీసుకుని నిలువు డిటెక్టర్ లెక్కలో వేస్తే రివ్యూయర్ పట్టుకుంటాడు.

గాజు ఎంపిక దగ్గర పిసినారితనం వద్దు. మైక్రోస్కోప్ స్లైడ్ సోడా-లైమ్ గాజు, అందులో సోడియం అయాన్లు కదులుతాయి. గది ఉష్ణోగ్రతలో అది మంచి ఇన్సులేటరే, కానీ వేడి చేసేకొద్దీ రెసిస్టివిటీ దభాలున పడిపోయి 250 డిగ్రీల దగ్గర కొన్ని మిలియన్ల ఓమ్-సెం.మీ.కు వస్తుంది. మందం చూస్తే గాజు 1 మి.మీ., ఫిల్మ్ 1 మైక్రాన్, అంటే గాజు వెయ్యి రెట్లు మందం. 150 డిగ్రీల దగ్గరే, పైన అనుకున్న ఫిల్మ్ కంటే గాజులోంచి పోయే కరెంట్ ఎక్కువ కావచ్చు. దీంట్లో ఇంకో మెలిక ఉంది: సోడియం అయాన్ల కరెంట్ యాక్టివేషన్ ఎనర్జీ (వేడితో కరెంట్ ఎంత జోరుగా పెరుగుతుందో చెప్పే శక్తి) 0.8 ఎలక్ట్రాన్ వోల్ట్ చుట్టుపక్కల ఉంటుంది, క్యాడ్మియం టెల్యురైడ్ బ్యాండ్ గ్యాప్‌లో సగం 0.75 ఎలక్ట్రాన్ వోల్ట్ ప్రాంతం. గాజును కొలిచి "మా ఫిల్మ్ ఇంట్రిన్సిక్" (మలినాల ప్రభావం లేనిది) అని రాసేయడానికి ఇంతకంటే ఏం కావాలి? కార్నింగ్ ఈగిల్ ఎక్స్‌జీ లాంటి ఆల్కలీ లేని గాజు గానీ, ఫ్యూజ్డ్ సిలికా గానీ వాడండి.

పౌడర్ కనీసం 99.999 శాతం శుద్ధత ఉన్నది తీసుకోండి. హైదరాబాద్ సి-మెట్‌లో (ఎలక్ట్రానిక్స్ పదార్థాల ప్రభుత్వ పరిశోధన కేంద్రం) అత్యంత శుద్ధమైన క్యాడ్మియం, టెల్యురియం తయారీ మీద చాలాకాలంగా పని జరుగుతోంది, ఈ పదార్థంలో మలినాలకు ఎంత విలువ ఉందో దాన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. క్యాడ్మియం విషం, ఆ సంగతి మీకు తెలుసు, కానీ బెల్ జార్ తుడిచేటప్పుడు గ్లవ్స్, మాస్క్ వేసుకునేవాళ్లు తక్కువ. వేసుకోండి. తుడిచిన టిష్యూలు మామూలు చెత్తబుట్టలో పడేయకండి.

పి-టైప్ (హోల్‌లతో కరెంట్ పోయే) క్యాడ్మియం టెల్యురైడ్‌కు నిజమైన ఓమిక్ కాంటాక్ట్ (రెండు వైపులా అడ్డు లేకుండా కరెంట్ పోనిచ్చేది) ఇచ్చే మెటల్ అంటూ లేదు. ఎలక్ట్రాన్ ఎఫినిటీ, బ్యాండ్ గ్యాప్ కలిపితే 5.7 ఎలక్ట్రాన్ వోల్ట్ దాటుతుంది, బంగారం వర్క్ ఫంక్షన్ 5.1 దగ్గరే ఆగిపోతుంది. అందుకే కాంటాక్ట్ వేసేముందు ఉపరితలాన్ని ఎచ్ చేసి టెల్యురియం ఎక్కువగా ఉండేలా చేస్తారు, లేదా బంగారం కింద రవ్వంత రాగి వేస్తారు. రాగి గ్రెయిన్ బౌండరీల వెంట లోపలికి పాకుతుంది, నెలల తర్వాత అదే శాంపిల్ వేరే రీడింగ్ ఇస్తుంది, కాబట్టి డిటెక్టర్‌కు నేనైతే రాగి జోలికి పోను.

కాంటాక్ట్ ఎంత అడ్డుపడుతోందో తెలియాలంటే ఒకే ఫిల్మ్ మీద పావు, అర, ఒకటి, రెండు మిల్లీమీటర్ల ఖాళీలతో వరుసగా కాంటాక్టులు వేసి, రెసిస్టెన్స్‌ను ఖాళీకి ఎదురుగా గీయండి. గీత సున్నా ఖాళీ దగ్గర ఎక్కడ తగులుతుందో అది రెండు కాంటాక్టుల రెసిస్టెన్స్. గీత తిన్నగా రాకపోతే ఫిల్మ్ మందం అన్నిచోట్లా ఒకేలా లేదనో, కాంటాక్టులు ఒకేలా పడలేదనో అర్థం. అక్కడే ఆగి సరిచేసుకోండి.

నిలువు శాంపిల్‌లో శత్రువు పిన్‌హోల్. 1 సెం.మీ. చదరపు కాంటాక్ట్ వేస్తే ఎక్కడో ఒకచోట షార్ట్ అయి తీరుతుంది. 1 మి.మీ. వ్యాసం ఉన్న చుక్కలు ఇరవై వేయండి. మొదట అన్నిటినీ 0.1 వోల్ట్ దగ్గర చదవండి. షార్ట్ అయినవి పక్కన పెట్టాక మిగిలినవి ఒకదానికొకటి రెండు మూడు రెట్ల తేడాలో ఉంటే ఫిల్మ్ బాగున్నట్టే. ఒకటే చుక్క మిగతావాటికంటే వెయ్యి రెట్లు బాగుందంటే అది మీ అదృష్టం కాదు, పైన పెట్టిన ప్రోబ్ సరిగా తగల్లేదు. పేపర్‌లో ఆ ఒక్క చుక్కను కాకుండా మధ్యలో ఉన్నదాన్ని చూపించండి.

ఫిల్మ్ లేకుండా కొలతలు

ట్రైయాక్స్ కేబుల్ (మధ్య తీగ చుట్టూ రెండు షీల్డ్‌లు ఉన్నది) తగిలించి, అవతలి కొస ఏమీ కలపకుండా, మూతేసిన మెటల్ పెట్టెలో వదిలేయండి. 10 వోల్టులు ఇచ్చి కరెంట్ చూడండి. అర పికోయాంప్ లోపు రావాలి. ఇప్పుడు కేబుల్‌ను వేలితో ఒకసారి తట్టండి, రీడింగ్ పదుల పికోయాంపులకు ఎగిరి మెల్లగా దిగుతుంది. లోపలి ఇన్సులేషన్, షీల్డ్ రాసుకుని పుట్టే చార్జ్ అది. కేబుల్‌ను బల్లకు టేప్ వేసి కదలకుండా చేయండి, వాక్యూమ్ పంప్ ఉన్న బల్లకు తగలనీయకండి. ఏసీ గాలి నేరుగా తగులుతున్నా అదే గొడవ.

తర్వాత, ఫిల్మ్ వేయని ఉత్త గాజు మీద అదే మాస్క్‌తో, అదే ఖాళీతో బంగారం వేసి కొలవండి. ఈ ముక్కను ఫిల్మ్ వేసే రోజే, అదే బ్యాచ్ గాజుతో చేసి పక్కన పెట్టుకోండి. కొలుస్తూ గాజు మీద నోటితో "హా" అని ఒక్కసారి ఊపిరి వదలండి. కరెంట్ ఎన్నో రెట్లు ఎగబాకి, తేమ ఆరేకొద్దీ దిగొస్తుంది. ఆగస్టులో వైజాగ్ ల్యాబులోనో, డిసెంబరు తుఫాను రోజుల్లో నెల్లూరులోనో గాలే ఆ పని రోజంతా చేస్తుంటుంది. తేమ పట్టిన గాజు ఉపరితలం షీట్ రెసిస్టెన్స్ 10¹² దాకా దిగొచ్చిందంటే అది మనం పైన లెక్కేసిన ఫిల్మ్‌తో సమానం, మీ 100 పికోయాంపుల పక్కన గాజు ఇంకో 100 కలుపుతుంది. ఫిల్మ్ ఇచ్చే కరెంట్ ఉత్త గాజు కంటే కనీసం పది రెట్లు ఉంటేనే ముందుకు పోండి. లేదంటే వాక్యూమ్‌లో గానీ పొడి నైట్రోజన్‌లో గానీ కొలవండి, లేదా గార్డ్ రింగ్ పెట్టండి.

గార్డ్ రింగ్ అంటే చుక్క చుట్టూ ఇంకో మెటల్ ఉంగరం. దాన్ని చుక్క ఉన్న వోల్టేజ్ దగ్గరే ఉంచితే అంచుల మీదుగా పాకే కరెంట్ ఉంగరంలోకి పోతుంది, మీటర్‌లోకి రాదు. నిలువు శాంపిల్‌కు ఇది దాదాపు తప్పనిసరి. చుక్కకూ ఉంగరానికీ మధ్య ఖాళీని ఫిల్మ్ మందం కంటే పదుల రెట్లు పెట్టినా పర్లేదు, కానీ మెటల్ పాకి రెండిటినీ కలపకుండా మాస్క్ ఫిల్మ్‌కు గట్టిగా ఆనాలి.

చీకటి, ఓపిక, ఆ తర్వాతే ఐ-వి (కరెంట్-వోల్టేజ్ కర్వ్)

శాంపిల్‌ను పెట్టెలో పెట్టి మూత వేసి రాత్రంతా వదిలేయండి. ట్యూబ్‌లైట్ కింద ఉన్న ఫిల్మ్‌లో ట్రాపుల్లో చిక్కుకున్న క్యారియర్లు గంటల తరబడి బయటపడుతూనే ఉంటాయి, చీకటి చేసిన అరగంటకే కొలిస్తే వచ్చేది డార్క్ కరెంట్ (వెలుగు, రేడియేషన్ లేనప్పటి కరెంట్) కాదు. చీకటి నిజంగా చీకటేనా అని తెలుసుకోవడానికి ఫోన్ టార్చ్‌ను పెట్టె అతుకుల వెంట తిప్పండి. రీడింగ్ కదిలితే అక్కడ నల్ల టేప్. క్రయోస్టాట్‌లో కొలిచేవాళ్లు హాట్ ఫిలమెంట్ అయాన్ గేజ్‌ను ఆపేయండి, అది బల్బులా వెలుగుతూ మీ ఫిల్మ్‌ను చూస్తుంటుంది.

వోల్టేజ్ ఇచ్చిన వెంటనే కరెంట్ ఎక్కువగా మొదలై మెల్లగా పడుతుంది. ఎప్పుడు ఆగుతుంది? ఒక్కోసారి ఆగదు. కాబట్టి ముందు ఒక్క వోల్టేజ్ దగ్గర, 5 వోల్టులు అనుకోండి, అరగంటపాటు కరెంట్‌ను సమయంతో పాటు రికార్డ్ చేయండి. ఏ నిమిషం తర్వాత మార్పు మీకు ఫర్వాలేదనిపించేంత తగ్గిందో చూసి, ప్రతి పాయింట్‌కూ అంతసేపు ఆగేలా ప్రోగ్రామ్ పెట్టండి. సాఫ్ట్‌వేర్‌లో డిఫాల్ట్‌గా ఉండే 0.1 సెకను డిలేతో తీసిన ఐ-వి కర్వ్ చూడ్డానికి నున్నగా, అందంగా ఉంటుంది, అంతకుమించి ఎందుకూ పనికిరాదు.

స్వీప్ సున్నా నుంచి పైకి, మళ్లీ సున్నాకు, తర్వాత మైనస్ వైపు, మళ్లీ సున్నాకు. సున్నా వోల్టుల దగ్గర కరెంట్ సున్నా రాకపోతే శాంపిల్ ఇంకా డిశ్చార్జ్ అవుతూనే ఉంది, ఎక్కడో వెలుతురు ఉంది, లేదా మీటర్ ఆఫ్‌సెట్ తీయలేదు. పోవడం, రావడం రెండు వేరు గీతలైతే డిలే పెంచి మళ్లీ తీయండి. తగ్గిందంటే అది ట్రాప్‌ల సంగతి. తగ్గకపోతే, ముఖ్యంగా పెరోవ్‌స్కైట్‌లో, అయాన్లే కదులుతున్నాయని అనుమానించండి.

రెండు వైపులా బంగారమే ఉన్నా ప్లస్, మైనస్ కరెంట్లు వేరుగా వస్తే భయపడకండి, కింది కాంటాక్ట్ మీద ఫిల్మ్ పెరిగింది, పై కాంటాక్ట్ ఫిల్మ్ మీద పడింది, ఆ రెండు ముఖాలూ ఒకటి కావు. రెసిస్టివిటీని సున్నాకు అటూ ఇటూ 0.1 వోల్ట్ లోపలి స్లోప్ నుంచే తీయండి. 50 వోల్టుల దగ్గర కరెంట్‌ను వోల్టేజ్‌తో భాగిస్తే వచ్చేది రెసిస్టివిటీ కాదు.

వేడి చేసి చూడటం

ఇక్కడికి వచ్చేసరికి డార్క్ కరెంట్ ఫిల్మ్‌దేనని మీకు ధైర్యం ఉంటుంది. ఇప్పుడు ఆ క్యారియర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడాలి. 300 నుంచి 400 కెల్విన్ దాకా ఐదేసి డిగ్రీలు పెంచుతూ, ప్రతిచోటా ఉష్ణోగ్రత నిలకడ అయ్యాక కరెంట్ తీసుకోండి, దింపేటప్పుడు మళ్లీ తీసుకోండి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒకే గీత రాకపోతే మొదటిసారి వేడిలో తేమ పోయిందో, ఫిల్మే మారిందో అయి ఉంటుంది. రెండో రౌండ్ నుంచి లెక్కలోకి తీసుకోండి. థర్మోకపుల్‌ను హీటర్ దిమ్మకు కాకుండా, పక్కనే పెట్టిన ఇంకో గాజు ముక్క పైముఖానికి అంటించండి, వాక్యూమ్‌లో దిమ్మకూ గాజు పైముఖానికీ పది డిగ్రీల తేడా రావడం పెద్ద వింత కాదు.

కండక్టివిటీ లాగరిథమ్‌ను 1000/టి కి ఎదురుగా గీయండి. నేచురల్ లాగ్ తీసుకుంటే స్లోప్‌ను 0.0862తో గుణిస్తే ఎలక్ట్రాన్ వోల్టుల్లో యాక్టివేషన్ ఎనర్జీ వస్తుంది. బేస్ 10 లాగ్ అయితే 0.198. ఈ రెండూ కలగాపులగం చేసి 0.3 రావాల్సినచోట 0.13 రాసిన థీసిస్‌లు వెతికితే దొరుకుతాయి.

వచ్చిన ఎనర్జీ అంతా యాక్సెప్టర్ (హోల్‌లనిచ్చే మలినం) లెవెల్‌దే అనుకోకండి. పాలీక్రిస్టలైన్ ఫిల్మ్‌లో గ్రెయిన్ బౌండరీ దగ్గర బ్యారియర్ ఉంటుంది, క్యారియర్లు దాన్ని ఎక్కి దిగాలి. 1975లో సెటో పాలీసిలికాన్ కోసం ఇచ్చిన మోడల్ ప్రకారం బ్యారియర్ ఎత్తు విడిగా కావాలంటే మొబిలిటీ కావాలి, కరెంట్ ఒక్కటీ చాలదు. క్యాడ్మియం క్లోరైడ్ పూసి 400 డిగ్రీల దగ్గర వేడి చేసిన ఫిల్మ్‌నూ, చేయని ఫిల్మ్‌నూ పక్కపక్కన కొలవండి. గ్రెయిన్లు పెరిగాక ఎనర్జీ గణనీయంగా తగ్గితే, అందులో పెద్ద వాటా బౌండరీలదే అనడానికి అది బలమైన ఆధారం. పూర్తి రుజువు మాత్రం కాదు, ఎందుకంటే క్లోరిన్ డోపింగ్‌ను కూడా మారుస్తుంది.

హాల్, స్పేస్ చార్జ్: రెండు ఉచ్చులు

హాల్ ఎఫెక్ట్ (మ్యాగ్నెట్‌లో పెట్టినప్పుడు కరెంట్‌కు అడ్డంగా వచ్చే వోల్టేజ్) కొలవమని గైడ్ అడుగుతారు. అడిగే ముందే ఈ లెక్క చూపించండి. మొబిలిటీ 10 సెం.మీ²/వోల్ట్-సెకను, మ్యాగ్నెట్ అర టెస్లా. హాల్ వోల్టేజ్ ఫిల్మ్ పొడుగునా ఉన్న వోల్టేజ్‌లో రెండు వేల వంతుల్లో ఒక వంతు. కాంటాక్టులు సరిగ్గా ఎదురెదురుగా లేకపోవడం వల్ల వచ్చే వోల్టేజ్ దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది, పైగా ఉష్ణోగ్రత కాస్త కదిలితే అదీ కదులుతుంది. ఫీల్డ్ తిప్పి సగటు తీసినా 10¹² ఓమ్ ఫిల్మ్‌లో మామూలు హాల్ సెటప్ ఇచ్చేది నాయిసే. ఒకసారి పి-టైప్, ఇంకోసారి ఎన్-టైప్ అని చూపిస్తే అది ఫిల్మ్ మనసు మార్చుకోవడం కాదు. క్యారియర్ రకం మాత్రమే చాలనుకుంటే హాట్ ప్రోబ్‌తో థర్మోఎలక్ట్రిక్ వోల్టేజ్ గుర్తు చూడండి.

ఇక స్పేస్ చార్జ్ లిమిటెడ్ కరెంట్, అంటే ఫిల్మ్‌లో పోగైన చార్జే హద్దు పెట్టే కరెంట్. లాగ్-లాగ్ గ్రాఫ్‌లో స్లోప్ 2 కనిపించగానే మాట్-గర్నీ సూత్రం వేసి మొబిలిటీ రాసేస్తున్నారు. ఆ సూత్రం ప్రకారం కరెంట్ డెన్సిటీ మందం ఘనానికి విలోమంగా పోవాలి. కాబట్టి కనీసం మూడు మందాలు కొలిచి అది నిజమో కాదో చూడండి. ఒకే మందంతో స్లోప్ 2 రావడానికి షాట్‌కీ బ్యారియర్ (మెటల్, ఫిల్మ్ కలిసేచోట ఉండే అడ్డు) తగ్గడం దగ్గర్నుంచి ఫిల్మ్ వేడెక్కడం దాకా కారణాలు బోలెడు. స్లోప్ ఒక్కసారిగా ఎగిరే వోల్టేజ్ నుంచి ట్రాప్ డెన్సిటీ తీయడం ఇంకా ప్రమాదం. 1 మైక్రాన్ ఫిల్మ్‌లో, డైఎలక్ట్రిక్ స్థిరాంకం 10 చొప్పున, 1 వోల్ట్ దగ్గర మలుపు ఉంటే సూత్రం 10¹⁵ ప్రతి ఘన సెం.మీ. అని చెబుతుంది. ఫిల్మ్ ఏదైనా సరే, మందం, వోల్టేజ్ అవే అయితే ఆ అంకే వస్తుంది. అసలు ట్రాప్‌లు అంతకంటే ఎన్నో రెట్లు తక్కువున్నా మీకు తెలిసే దారి లేదు.

మ్యూ-టౌ, ఆ తర్వాత ఆల్ఫా

డిటెక్టర్‌కు అసలు కావాల్సింది మొబిలిటీ (మ్యూ), లైఫ్‌టైమ్ (టౌ, క్యారియర్ ట్రాప్‌లో పడేదాకా బతికే కాలం) విడివిడిగా కాదు, వాటి లబ్ధం, మ్యూ-టౌ. దాన్ని ఎలక్ట్రిక్ ఫీల్డ్‌తో గుణిస్తే క్యారియర్ సగటున ఎంత దూరం పోతుందో వస్తుంది. 10 మైక్రాన్ల ఫిల్మ్, 10 వోల్టులు, మ్యూ-టౌ 10⁻⁶ సెం.మీ²/వోల్ట్ అనుకోండి. మంచి సింగిల్ క్రిస్టల్ క్యాడ్మియం జింక్ టెల్యురైడ్‌లో ఎలక్ట్రాన్లకు ఇది 10⁻³ పైనే, అంటే మనది వెయ్యి రెట్లు నాసిరకం. అయినా దూరం 100 మైక్రాన్లు, ఫిల్మ్ మందానికి పది రెట్లు. పలుచగా ఉండటం వల్ల గామాల దగ్గర నష్టపోయింది ఇక్కడ తిరిగొస్తుంది.

కొలిచేందుకు 1932 నాటి హెక్ట్ సమీకరణం వాడతాం: వోల్టేజ్ పెంచుతూ చేరిన చార్జ్ ఎలా పెరిగి ఒక ఎత్తు దగ్గర ఆగుతుందో గీసి, కర్వ్ ఫిట్ చేస్తాం. అయితే పుస్తకాల్లో ఉండే ఒకే క్యారియర్ రూపం, చార్జ్ అంతా ఒక కాంటాక్ట్ పక్కనే పుట్టిందన్న షరతు మీద నిలబడింది. అమెరీషియం ఆల్ఫా 5.486 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్, క్యాడ్మియం టెల్యురైడ్‌లో దాదాపు 20 మైక్రాన్లు పోతుంది. అంటే మీ 10 మైక్రాన్ల ఫిల్మ్‌ను దూసుకుని అవతలికి పోతుంది, దారి పొడుగునా చార్జ్ పుట్టిస్తుంది, ఎలక్ట్రాన్లూ హోల్‌లూ రెండూ కదులుతాయి. దానికి ఒకే క్యారియర్ ఫిట్ వేస్తే కర్వ్ చక్కగా కూర్చుంటుంది, వచ్చే మ్యూ-టౌ ఎవరిదో చెప్పలేం. పలుచని ఫిల్మ్‌కు వెలుగుతో కొలిచే దారి మేలు: 532 నానోమీటర్ల పచ్చ లేజర్ పల్స్‌ను పారదర్శకమైన పలుచని కాంటాక్ట్ గుండా వేయండి, అది మైక్రాన్‌లో చిన్న భాగంలోనే ఆగిపోతుంది. వెలుగు పడే వైపు నెగటివ్ పెడితే ఎలక్ట్రాన్లు ఫిల్మ్ దాటుతాయి, పాజిటివ్ పెడితే హోల్‌లు. తక్కువ వోల్టుల దగ్గర ఉపరితలం మీదే కొన్ని క్యారియర్లు చస్తాయి, కాబట్టి కర్వ్ మొదటి భాగం హెక్ట్ కంటే కిందికి జారితే ఆశ్చర్యం లేదు. పల్స్ శక్తిని బాగా తగ్గించి, సగం చేస్తే సిగ్నల్ కూడా సగమే అవుతోందని చూసుకున్నాకే ఫిట్ చేయండి.

ఆల్ఫా పెట్టే ముందు నాయిస్ లెక్క కూడా వేయండి. 1 చదరపు మి.మీ. వైశాల్యం, 10 మైక్రాన్ల మందం, 10 వోల్టులు, 10⁸ ఓమ్-సెం.మీ. అయితే డార్క్ కరెంట్ 1 మైక్రోయాంప్. 1 మైక్రోసెకను షేపింగ్‌లో (పల్స్‌ను పోగుచేసే సమయంలో) 60 లక్షల పైచిలుకు ఎలక్ట్రాన్లు పోతాయి, దాని వర్గమూలం 2,500, అదే సుమారుగా మీ నాయిస్. ఒక ఎలక్ట్రాన్-హోల్ జత పుట్టడానికి 4.43 ఎలక్ట్రాన్ వోల్ట్ కావాలి, ఆల్ఫా తన శక్తిలో సగం కూడా ఫిల్మ్‌లో వదలకపోయినా జతలు లక్షల్లో ఉంటాయి, పల్స్ నిక్షేపంగా కనిపిస్తుంది. 59.5 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ గామా ఇచ్చేది 13,400 జతలు మాత్రమే, అది నాయిస్ ఒడ్డున కొట్టుమిట్టాడుతుంది. రెసిస్టివిటీ 10¹⁰కి తెచ్చుకుంటే నాయిస్ పదో వంతు అవుతుంది. వైశాల్యం 1 చదరపు సెం.మీ.కు పెంచితే కెపాసిటెన్స్ 9 నుంచి 900 పికోఫారడ్లకు పోయి ప్రీయాంప్ (డిటెక్టర్ పక్కనే ఉండే తొలి ఆంప్లిఫయర్) నాయిస్ వేరే తంటా తెస్తుంది, కాబట్టి చిన్న చుక్కలతోనే మొదలుపెట్టండి.

సోర్స్ సంగతి మీ సంస్థ రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ చేతుల మీదుగానే జరగాలి, ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) నిబంధనలు ఉన్నాయి, స్నేహితుడి ల్యాబు నుంచి జేబులో పెట్టుకొచ్చే వస్తువు కాదు. సోర్స్‌కూ ఫిల్మ్‌కూ మధ్య గాలి సెంటీమీటరుకు దాదాపు 1 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్ తినేస్తుంది, కుదిరితే వాక్యూమ్, కుదరకపోతే రెండు మూడు మిల్లీమీటర్లు. ప్రీయాంప్ టెస్ట్ ఇన్‌పుట్‌లో 1 పికోఫారడ్ గుండా 10 మిల్లీవోల్టుల స్టెప్ ఇస్తే అది 62,400 ఎలక్ట్రాన్లు, దాంతో ఛానెళ్లను ఎలక్ట్రాన్లలోకి మార్చుకోండి.

పల్స్ వచ్చాక సోర్స్‌కూ ఫిల్మ్‌కూ మధ్య ఒక కాగితం ముక్క దూర్చండి. ఆల్ఫా అయితే కౌంట్లు వెంటనే సున్నాకు పడాలి. పడకపోతే మీరు లెక్కపెడుతున్నది పంప్ మోటార్‌నో, పక్క గది లిఫ్ట్‌నో. పడితే, కాగితం తీసేసి బయాస్ అలాగే ఉంచి ఒక గంట వదిలేసి ఐదేసి నిమిషాలకు ఒక స్పెక్ట్రమ్ సేవ్ చేయండి. షాట్‌కీ కాంటాక్ట్ ఉన్న క్యాడ్మియం టెల్యురైడ్‌లో పీక్ మెల్లగా ఎడమకు జరుగుతూ కౌంట్లు తగ్గడం మామూలే, పోలరైజేషన్ అంటారు. బయాస్ ఆపి నిమిషం ఆగి మళ్లీ ఇచ్చి చూడండి. పీక్ పాత చోటికి వస్తే పోలరైజేషనే. రాకపోతే కాంటాక్ట్ ఊడుతోంది, అదే చుక్కకు డార్క్ ఐ-వి మళ్లీ తీసి మొదటి రోజు ఫైల్‌తో పోల్చండి.